మావయ్య అతికిన ఛార్జర్ వైరు

మా మావయ్యకి, అంటే మా ఆయన నాన్నకి, నేల మీద తాడు పడి ఉంటే చూడలేని జబ్బు ఉంది. తాడే కానక్కర్లేదు. బట్టలారేసే తీగ, పక్కింటి పిల్లల స్కిప్పింగ్ తాడు, మొక్కలకి నీళ్ళు పట్టే పైపు, ఏదైనా సరే, పొడుగ్గా ఉండి వంపు తిరిగి నేల మీద కనిపించిందంటే ఆయన చేతులు ఊరుకోవు. ఎడమచేతి బొటనవేలికీ మోచేతికీ మధ్య చకచకా చుట్ట చుట్టేసి, మిగిలిన చివరతో ఆ చుట్ట నడుముకి రెండు మెలికలు తిప్పి, బిగించి ముడేసి, మేకుకి తగిలించేస్తారు. నలభై ఏళ్ళు చిన్న డింగీ పడవలో చేపల వేటకి తిరిగిన మనిషి. పడవలో తాడు విడిగా పడి ఉంటే కాలికి చుట్టుకుని మనిషి నీళ్ళలో పడిపోతాడట. మా షాదీపూర్ ఇంట్లో, ముందుగదిలో, పడిపోవడానికి నీళ్ళు లేవని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి నమ్మకం కుదరలేదు.

ఆయన నాన్న శ్రీకాకుళం తీరం నుంచి ఓడలో వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డవాడు. మావయ్య పుట్టింది ఇక్కడే, ఈత నేర్చింది ఇక్కడే, బడి ఎగ్గొట్టింది కూడా ఇక్కడే. గుండెకి స్టెంటు వేశాక డాక్టరు వేట మానెయ్యమన్నాడు. డింగీ అమ్మేశారు. మా ఇంటికి కష్టాలు అప్పుడు మొదలయ్యాయి. కుర్చీ కాలు ఊగుతోందని నైలాన్ దారంతో బిగించారు. కుర్చీ నిలబడింది గానీ కూర్చున్నవాళ్ళ చీరలు ఆ ముడికి పట్టుకుని చిరిగాయి. మిక్సీ మూతకి తాడు కట్టారు. చీపురు విప్పి మళ్ళీ కట్టారు. ఆ చీపురు మాత్రం, నిజం చెప్పొద్దూ, కొన్నదానికంటే బాగా వచ్చింది.

ఇక నా సంగతి. నేను పెళ్ళికి ముందు బీఈడీ చేశాను. పెళ్ళయ్యాక పదకొండేళ్ళు ఆ పట్టా బీరువాలో చీరల కింద పడుకుంది. కరోనా సెలవులు ముగిసిన మరుసటి ఏడు, ఊళ్ళోని ఒక ప్రైవేటు స్కూలుకి తెలుగు టీచరు కావాలని ప్రకటన వచ్చింది. వయసు నలభై దాటకూడదన్నారు. నాకు నలభై నిండడానికి రెండు నెలలే ఉన్నాయి. ఇది తప్పితే ఇంకోటి లేదని నాకు బాగా తెలుసు. తెలుగు గలగలా మాట్లాడుతూ, తమ పేరు తెలుగులో రాయమంటే హిందీలో రాసిచ్చే పిల్లలు మా వీధి నిండా ఉన్నారు. వాళ్ళకి అక్షరాలు నేర్పే పని ఒకటి ఉండి, అది నాకు కాకుండా ఇంకెవరికో పోతుందంటే నాకు కుళ్ళుగా ఉండేది.

స్కూలు వాళ్ళ పెద్దాఫీసు సముద్రం అవతల, మెయిన్‌ల్యాండ్‌లో ఉంది. ఇంటర్వ్యూ సోమవారం పదకొండు గంటలకి, వీడియోలో. ఒక పాఠం తయారుచేసుకుని తెర మీద చూపించాలి, ఫోనులో కుదరదు, ల్యాప్‌టాప్ ఉండాలి, గదిలో అభ్యర్థి తప్ప ఇంకెవరూ ఉండకూడదు అని రాశారు. నేను మూడు వారాలు కష్టపడి పాఠం తయారుచేశాను. ప అంటే పడవ, వ అంటే వల, రొ అంటే రొయ్య, ఇలా మా పిల్లలు రోజూ చూసేవాటితోనే. మా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఛార్జర్ వైరు పెట్టి ఉంచితేనే నడుస్తుంది, తీస్తే ఆ క్షణమే ఆరిపోతుంది. ఇంటాయన ఓడలో పనిచేస్తారు. అప్పుడు నికోబార్ వైపు వెళ్ళి ఉన్నారు, ఫోను కూడా కలవదు. ఇంట్లో నేనూ, మావయ్యా, అత్తయ్యా.

శనివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెరిచాను. తెరలో వెలుగు రాలేదు. వైరు కాస్త వంచితే వచ్చింది, వదిలితే పోయింది. మళ్ళీ వంచాను. ఈసారి వంచినా రాలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

వైరు మొత్తం వేళ్ళతో తడుముకుంటూ వచ్చాను. ల్యాప్‌టాప్‌లోకి గుచ్చే పిన్నుకి ఒక జానెడు దూరంలో వైరు మెత్తగా, లోపల ఏమీ లేనట్టు తగిలింది. పైతొడుగు మీద తెల్లగా రెండు నొక్కులు పడి ఉన్నాయి. నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను రోజూ పాఠం పని ముగించి వంటింట్లోకి వెళ్ళగానే ఆ వైరు చుట్ట చుట్టుకుని మేకుకి వేలాడేది. చుట్ట నడుముకి బిగించిన ముడి సరిగ్గా అక్కడే పడేది. మూడు వారాలు, రోజుకో ముడి.

ఒళ్ళు మండిపోయింది. మావయ్య వరండాలో కూర్చుని ఉన్నారు. వైరు పట్టుకెళ్ళి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, నింపాదిగా, తన ముడి వల్ల ఈనాటికి ఏ తాడూ తెగలేదని, వైరే నాసిరకమని అన్నారు. ఇది తాడు కాదు, లోపల రాగి ఉంటుంది, మెలిపెడితే విరుగుతుంది అన్నాను. మంచి సరుకైతే విరగదన్నారు. అప్పుడు నా నోరు నా మాట వినలేదు.

"మీరు సముద్రం మానేశాక ఈ ఇంట్లో ఒక్క వస్తువూ బతికి బట్టకట్టలేదు మావయ్యా. ఇప్పుడు నా ఉద్యోగం కూడా పోయింది."

ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ రాత్రి అన్నం దగ్గర కూర ఇంకొంచెం వెయ్యనా అంటే తల అడ్డంగా ఊపారు. చేపల కూర వద్దనడం ఆయన జీవితంలో అదే మొదటిసారని అత్తయ్య నాకు వంటింట్లో చెప్పింది, చెప్పి నా మొహం చూసింది. నేను గిన్నెలు తోముకున్నాను.

అన్నాలకి ముందు, ఆ సాయంత్రమే బజారుకి పరిగెత్తాను. రిపేరు షాపు కుర్రాడు వైరు అటూ ఇటూ తిప్పి, "దీదీ, యే మోడల్ నహీ హై. మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి, పది రోజులు" అన్నాడు. పోనీ అతికిపెట్టమంటే, అతికింది తర్వాత కాలిపోతే తనని అంటారని ముట్టుకోనన్నాడు. ఆదివారం షాపు తియ్యనని కూడా చెప్పాడు. నాతో చదువుకున్న ఒకామె లంబాలైన్ పేటలో ఉంటుంది, వాళ్ళ ల్యాప్‌టాప్ ఫోను చేసి అడిగితే అది వాళ్ళాయన ఆఫీసుది, బయటికి ఇవ్వరు. ఛార్జరైనా సరిపోతుందేమో చూద్దువు గాని రా అంది.

ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని వెళ్ళాను. వాళ్ళ ఛార్జరు పిన్ను లావు. వాళ్ళ పక్కింటివాళ్ళది సన్నం. కింది వాటా వాళ్ళది చదరంగా ఉంది. అయ్యో పాపం అని ఇంకో ఇద్దరు పరిగెత్తి వాళ్ళవీ తెచ్చారు. ప్రపంచంలో ల్యాప్‌టాప్‌లు చేసేవాళ్ళందరూ కూర్చుని, ఒకళ్ళ పిన్ను ఇంకొకళ్ళకి పట్టకూడదని ఒట్టు పెట్టుకున్నట్టుంది. టీ తాగి, మెత్తటి ఓదార్పు మాటలు విని, ఇంటికి వచ్చేశాను.

వచ్చేసరికి మావయ్య నా బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు చేపలు కోసే చిన్న కత్తి, నైలాన్ దారం ఉండ, మైనం ముక్క. చేతిలో నా వైరు.

"అతికీసినానమ్మా," అన్నారు, నిన్నటి నుంచి నాతో ఆడిన మొదటి మాట. "లాగి సూడు."

చూశాను. అబద్ధం ఎందుకు, అలాంటి అతుకు నేను ఎక్కడా చూడలేదు. పాడైన ముక్క కోసేసి, రెండు కొసల్లోని రాగి పోగుల్నీ విప్పి, తెగిన తాడుని తాడుతో అల్లి అతికినట్టు ఒకదాని సందులోంచి ఒకటి దూర్చి అల్లేశారు. ఆ అల్లిక మీద మైనం రాసిన నైలాన్ దారం పక్కపక్కనే, సందు లేకుండా చుట్టారు. ముడి ఎక్కడుందో కూడా కనిపించదు. ఒక కొస నేను పట్టుకున్నాను, ఒక కొస ఆయన పట్టుకున్నారు, ఇద్దరం లాగాం. ఊడి రాలేదు. దాంతో డింగీ కట్టేసుకోవచ్చని అత్తయ్య గుమ్మంలోంచి అంది. మెచ్చుకుందో వెక్కిరించిందో ఆవిడ మొహంలో తెలియదు, ఎప్పుడూ తెలియదు.

ప్లగ్గు పెట్టాను. ఛార్జరు డబ్బా మీద వెలగాల్సిన పచ్చ లైటు వెలగనే లేదు. నిన్న వైరు తెగినప్పుడైనా డబ్బా మీద లైటు బాగానే వెలిగింది. ఇప్పుడు అదీ పోయింది. ప్లగ్గు తీసి, కాసేపాగి, మళ్ళీ పెట్టాను. అంతే.

ఫోను తీసుకుని, ఇలాంటి వైరు లోపల ఏముంటుందో వీడియోల్లో వెతికాను. రెండో వీడియోలో సంగతి బయటపడింది. పైకి ఒక్కటిలా కనిపిస్తుంది గానీ లోపల రెండు దారులు. మధ్యలో తెల్ల తొడుగు వేసుకున్న ఒక వైరు, దాని చుట్టూ వలలా అల్లిన సన్నటి రాగి పోగులు. కరెంటు ఒకదాంట్లో వెళ్తుంది, ఇంకోదాంట్లో తిరిగొస్తుంది. రెండూ ఎక్కడా ఒకదాన్నొకటి తాకకూడదు. తాకితే డబ్బా తనంతట తనే ఆగిపోతుంది. మా మావయ్య ఆ రెండింటినీ విప్పి, ఏ పోగూ ఒంటరిగా మిగలకుండా, అన్నిటినీ కలిపి అల్లారు. తాడులో పేటలన్నీ కలిస్తేనే బలం కదా.

ఆయనకి చెప్పాను. వీడియో చూపించాను. ఆయన రెండుసార్లు చూసి, "అయితే ఇప్పెయ్యాలా?" అని అడిగారు.

"కొయ్యాలి మావయ్యా," అన్నాను.

విప్పడానికి వీల్లేదు. అంత గట్టిగా అల్లారు. కత్తి నా చేతికిచ్చి ఆయన కిటికీలోంచి బయటికి చూడసాగారు. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. నేను కోసేశాను. నిన్న అంత మాట అన్నదాన్ని, ఆ చిన్న ముక్క కొయ్యడానికి నాకు చెయ్యి రాలేదంటే నవ్వుతారు. కోసిన ముక్క పారెయ్యలేక బల్ల అరలో పెట్టాను.

తర్వాత పని ఇద్దరం కూర్చుని చేశాం. ప్లగ్గు తీసేసి, రెండు కొసల దగ్గర నల్లటి పైతొడుగు బ్లేడుతో జాగ్రత్తగా గీసి తీశాను. బయటి రాగి పోగుల్ని వెనక్కి దువ్వి ఒక పక్కకి మెలితిప్పాలి. నా గోళ్ళకి అవి దొరకలేదు, సగం తెగిపోయాయి. మావయ్య వేళ్ళు మాత్రం బండబారినా ఒక్క పోగు తెగకుండా దువ్వాయి. లోపలి తెల్ల తొడుగు నేను తీశాను. లోపలిదాన్ని లోపలిదానితో, బయటిదాన్ని బయటిదానితో కలపాలని చెప్పాను. రెండు అతుకులూ ఒకే చోట పెట్టబోతుంటే ఆయన నా చెయ్యి ఆపారు.

"రెండు ముడులూ ఒక్క దగ్గర ఎయ్యకమ్మా. ఉబ్బిపోద్ది, ఒకదాన్నొకటి రుద్దుకుంతాది. ఒకటి ఇక్కడెయ్యి, ఒకటి అక్కడెయ్యి."

వీడియో ముందుకి జరిపి చూస్తే అందులోనూ అదే చెప్తున్నారు. ఒక కొసలో లోపలి వైరు పొట్టిగా, ఇంకో కొసలో పొడుగ్గా కోసి, అతుకులు రెండూ వేలెడు ఎడంగా పెట్టాం. ఒక్కోదానికి విడిగా టేపు చుట్టి, మీద మళ్ళీ టేపు చుట్టాం. ప్లగ్గు పెట్టాను. పచ్చ లైటు వెలిగింది. ల్యాప్‌టాప్‌కి గుచ్చాను. అదీ వెలిగింది. అత్తయ్య గుమ్మంలోంచి, సాయంత్రం కూర ఏం వండాలో ఇప్పుడైనా మావయ్యని అడగొచ్చా అంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. వీడియో చివర చూస్తే, ఆ అతుకుల మీద సీసం కరిగించి పోసి అతకాలట, లేకపోతే మెలిక వదులవుతుందట. సీసం పోసే పరికరం మా ఇంట్లో ఎక్కడిది? సోమవారం పొద్దున తొమ్మిదికి పాఠం ఒకసారి చూసుకుందామని కూర్చుంటే, బల్లకి మోచెయ్యి తగిలింది. ల్యాప్‌టాప్ ఆరిపోయింది. అతుకు విప్పి మళ్ళీ మెలితిప్పాం. ఈసారి వెలిగింది గానీ, వైరు వెంట్రుకవాసి కదిలినా ఆరుతోంది. కింద పుస్తకం పెట్టాం, మీద రుబ్బురాయి పెట్టాం, బట్టల క్లిప్పులు పెట్టాం. దేనికీ లొంగలేదు. వేళ్ళతో ఒక చోట పట్టుకుని మెల్లగా నొక్కి ఉంచితే మాత్రం కదలకుండా వెలుగుతోంది. నాకు ఏడుపొచ్చింది. పదిన్నర అయింది.

"నాను పట్టుకుంతాను," అన్నారు మావయ్య.

గదిలో ఎవరూ ఉండకూడదని రాశారు కదా అన్నాను. ఆయన బల్ల కిందకి చూశారు. నేనూ చూశాను. అత్తయ్య వెళ్ళి చాప తెచ్చింది.

పదకొండు గంటలకి తెర మీద ఇద్దరు కనిపించారు, ఒక మేడమ్, ఒక పెద్దాయన. ఇద్దరూ తెలుగువాళ్ళే. బల్ల కింద చాప మీద, ఉతికిన చొక్కా వేసుకుని, మావయ్య వైరు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నారు. గట్టిగా ఊపిరి కూడా తీస్తున్నట్టు లేరు. మొదట నా పేరు రెండుసార్లు చెప్పాను. పాఠంలో పడ్డాక సర్దుకున్నాను. ప, పడవ. వ, వల. మేడమ్ నవ్వుతూ తల ఊపుతోంది. రొయ్య దగ్గరికి వచ్చేసరికి బల్ల కింద చిన్న దగ్గు వినిపించింది. అది ఆయన ఎంత ఆపుకున్నా ఆగని దగ్గు, నాకు తెలుసు.

పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. గదిలో ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను జవాబు చెప్పేలోపే, ల్యాప్‌టాప్ ఎత్తి గది చుట్టూ తిప్పి చూపించమన్నారు.

ఎత్తితే ఆరిపోతుంది. ఎత్తకపోతే దొంగని. పదకొండేళ్ళు ఆగి, మూడు వారాలు కష్టపడి, చివరికి జవాబులు అందించే మనిషిని బల్ల కింద దాచుకున్నానని వాళ్ళు అనుకుంటే నేనేం చెప్పగలను? సార్, అది, వైరు అంటూ ఏదో నసిగాను. పెద్దాయన కాగితం మీద ఏదో రాసుకోవడం కనిపించింది.

అప్పుడు మావయ్య కదిలారు. మోకాళ్ళ మీద, అంగుళం అంగుళం జరుగుతూ, పిడికిలి ఉన్నచోటే ఉంచి, ఒళ్ళు మాత్రం పక్కకి తెచ్చారు. తెరలో నా పక్కన ఆయన తల లేచింది. ఎడమచెయ్యి ఎత్తి దణ్ణం పెట్టారు. కుడిచెయ్యి బల్ల కిందే ఉంది.

"తప్పు నాది బాబూ. ఈ వైరు నానే పాడు సేసినాను. రోజూ ముడేసి ఇరగ్గొట్టీసినాను. కోడలు సెప్తే ఒప్పుకోనేదు నాను. ఇప్పుడు వదిలేత్తే ఇది ఆరిపోద్ది, అందుకని పట్టుకున్నాను. నాకు సదువు రాదు, ఆ పిల్లకి సెప్పడానికి నాకాడేటీ నేదు."

నేను ఆయన మొహం వైపు చూడలేకపోయాను. నా మీద శనివారం నుంచి గెలవడానికి చూస్తున్న మనిషి, ముక్కూ మొహం తెలియని ఇద్దరి ముందు మొత్తం ఒప్పేసుకున్నారు. నాకు సిగ్గేసింది. ఆయన గురించి కాదు, నా గురించి.

మేడమ్ పెద్దాయన వైపు చూసింది. పెద్దాయన కలం కింద పెట్టి, ఆ వైరు ఒకసారి చూపించగలరా అని మావయ్యని అడిగారు. పిడికిలి విప్పకుండా ఎంత వీలైతే అంత పైకి చూపించారు. మావయ్యని కింద కాకుండా పక్కన కుర్చీలో కూర్చోమని మేడమ్ చెప్పింది, నన్ను రొయ్య నుంచి మళ్ళీ మొదలుపెట్టమంది. నేను మొదలుపెట్టాను. రొయ్య బొమ్మ వచ్చినప్పుడు మావయ్య తెర వైపు చూసి, బాగుందన్నట్టు తల ఊపారు. అది వాళ్ళూ చూశారు.

ఆ ఉద్యోగం నాకు వచ్చిందని పది రోజుల తర్వాత మెయిల్ వచ్చింది. కానీ ఆ సోమవారం మధ్యాహ్నం, తెర మీద ఇద్దరూ మాయమైనప్పుడు, మాకు అదేమీ తెలియదు. మేడమ్ మంచిదే, పెద్దాయన కాగితం మీద ఏం రాశారో అని అనుకుంటూ ల్యాప్‌టాప్ మూశాను.

"అయిపోయింది మావయ్యా, వదిలేయండి," అన్నాను.

ఆయన వదల్లేదు. చూస్తే వేళ్ళు రావడం లేదు. ముప్పావుగంట ఒకే చోట బిగబట్టి ఉంచిన పిడికిలి కొయ్యబారిపోయింది. ఎడమచేత్తో విప్పుకోబోతుంటే నేను కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఆ చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను. పదకొండేళ్ళలో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. చిటికెన వేలు ముందు విప్పాను, తర్వాత ఉంగరం వేలు, తర్వాత మధ్య వేలు. అరచేతిలో వైరు అచ్చు ఎర్రగా పడింది.

"శనివారం నేనన్న మాట," అని మొదలుపెట్టాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను.

"ఏ మాట?" అన్నారాయన.

మా మావయ్యకి వీధి చివర ఎవరు గుసగుసలాడినా వినిపిస్తుంది. నేను మిగిలిన రెండు వేళ్ళూ విప్పాను.